నాలుగో పేరాలోని వాక్యం

2003 ఏప్రిల్ 29, మంగళవారం పొద్దున వదిన ఫోన్ చేసింది.

"వదినా, మీ దగ్గర మా ఆయన కంపెనీ పాత రిపోర్టులు ఏమైనా ఉన్నాయా? మీరు ఏదీ పారెయ్యరు కదా అని అడుగుతున్నా."

"ఉన్నాయి. పన్నెండు. 1973 నుంచి 1984 దాకా."

"అన్నీ ఉన్నాయా!"

"ఉన్నాయి. ఒకదాని మీద కాఫీ మరక ఉంది."

"బాగుంది. రాసినాయన దగ్గర ఒక్కటీ లేదు, షేర్లు కొన్నవాళ్ళ దగ్గర అన్నీ ఉన్నాయి" అని నవ్వింది. "శుక్రవారం నేనే వచ్చి తీసుకెళతాను. ఆయన రారుగా."

ఆయన ఎందుకు రారో మా ఇద్దరికీ తెలుసు. ఇల్లినాయ్‌లోని షామ్‌బర్గ్‌లో మా రెండిళ్ళకూ మధ్య దూరం రెండు మైళ్ళు కూడా లేదు. అయినా పదిహేడేళ్ళుగా వదిన భర్తకూ మావారికీ మాటల్లేవు.

మేమిద్దరం ఒకరినొకరం వదినా అని పిలుచుకుంటాం, ఆమె భర్తను నేను అన్నయ్యగారు అంటాను. రక్తసంబంధం ఏమీ లేదు. ఆయనా మావారూ గుంటూరులో ఇంటర్మీడియట్ చదివేటప్పుడు రెండేళ్ళు ఒకే గదిలో ఉన్నారు. ఆ తరువాత ఒకరు వైద్యం వైపు, ఒకరు ఇంజనీరింగు వైపు వెళ్ళారు. 1969లో మావారు మత్తు డాక్టరుగా శిక్షణ కోసం మాసచూసెట్స్ వచ్చేసరికి అన్నయ్యగారు అక్కడే ఒక కంప్యూటర్ కంపెనీలో పనిచేస్తున్నారు. ఆ రోజుల్లో కంప్యూటర్ అంటే ఒక గది. వీళ్ళ కంపెనీ దాన్ని బీరువా అంత చేసి ప్రయోగశాలలకూ ఫ్యాక్టరీలకూ అమ్మేది. అన్నయ్యగారు మొదట యంత్రాల డిజైన్ చేసేవారు. తరువాత లెక్కల వైపు మళ్ళి, 1975కల్లా కంపెనీ అధ్యక్షుడి పక్క గదిలోకి చేరారు. ఏటా వాటాదారులకు వార్షిక నివేదిక వెళుతుంది. అట్ట తిప్పగానే మొదటి రెండు పేజీల్లో అధ్యక్షుడు రాసిన ఉత్తరం ఉంటుంది. సంతకం అధ్యక్షుడిది, రాత అన్నయ్యగారిది. మనవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. మేము ఇల్లినాయ్‌కి మారాక కూడా ఆ నివేదిక రాగానే మావారు "మా వాడి ఉత్తరం వచ్చింది" అనేవారు.

మాటలు పోవడానికి కారణం ఇది. 1984 జూలై 14న మా కొత్త ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకున్నాం. అన్నయ్యగారూ వదినా మాసచూసెట్స్ నుంచి వచ్చారు. భోజనాలయ్యాక మగవాళ్ళు గరాజ్‌లో నిలబడి కబుర్లు చెప్పుకుంటున్నారు. నేను మంచినీళ్ళు తీసుకెళ్ళాను కాబట్టి ఈ మాటలు నా చెవులతో విన్నాను.

"ఒరేయ్, మీ కంపెనీ షేర్స్ హోల్డ్ చేయమంటావా, అమ్మెయ్యమంటావా?" అని మావారు అడిగారు.

"ఉత్తరం చదువు" అన్నారు అన్నయ్యగారు.

"చదివాన్లేరా. నువ్వు చెప్పు."

"చెబుతున్నాగా. ఉత్తరం చదువు."

కంపెనీ లోపలి మనిషి స్నేహితులకు ఇలాంటివి చెప్పకూడదని చట్టం. అది గరాజ్‌లో ఉన్న అందరికీ తెలుసు. కానీ మనకు ఇంకొక చట్టం కూడా ఉంది. పెళ్ళి సంబంధం గురించి తెలిసినవాళ్ళను అడిగితే, "మీరే ఇంకోచోట వాకబు చేసుకోండి" అన్నారంటే వద్దని అర్థం. "ఒకసారి పిల్లను చూసి రండి" అన్నారంటే నిశ్చింతగా చేసుకోమని అర్థం. మంచీ చెడూ ఎవరూ నోటితో చెప్పరు. అన్నయ్యగారు లోపలికి వెళ్ళాక అక్కడున్న పిల్లల డాక్టరు ఒకాయన మావారి భుజం తట్టి, "ఇంకా ఏమిటండీ ఆలోచన? పిల్లను చూసి రమ్మన్నాడు" అన్నాడు. అందరూ నవ్వారు. సోమవారం ఆ డాక్టరూ మావారూ మరో డాక్టరూ, ముగ్గురూ మరిన్ని షేర్లు కొన్నారు.

మరుసటి ఏడు ఆ కంపెనీ కూలిపోయింది. జనం బల్ల మీద పట్టే చిన్న కంప్యూటర్లు కొనుక్కోసాగారు, బీరువాలు ఎవరికీ అక్కర్లేకపోయాయి. 1986 మార్చిలో మావారు షేర్లన్నీ అమ్మేశారు. ఎంత పోయిందో నా దగ్గర సెంట్లతో సహా ఉంది, కానీ ఇక్కడ దాని పని లేదు. ఆ రోజు సాయంత్రం మావారు మాసచూసెట్స్‌కి ఫోన్ చేసి, "నువ్వు చదవమన్నావు, నేను చదివాను" అని పెట్టేశారు. అవే ఆఖరి మాటలు.

ఆడవాళ్ళం మేము మానలేదు. 1991లో అన్నయ్యగారు రిటైరయ్యాక, నేనున్నానని వదిన పట్టుబట్టి ఆయన్ని షామ్‌బర్గ్ తీసుకొచ్చింది. విందుల్లో ఇద్దరు మగవాళ్ళూ ఎదురెదురుగా కూర్చుని, "పెరుగు కావాలేమో ఆయన్ని కనుక్కోండి" అని పక్కవాళ్ళతో చెప్పించేవారు. పిల్లలు దాన్ని ఆటగా చెప్పుకునేవారు.

మేము తెలుగు పెద్దవాళ్ళం నెలకొకసారి, రెండో శనివారం, లైబ్రరీలో ఒక గది తీసుకుని కలుస్తాం. ఎవరో ఒకరు తమ ఉద్యోగం గురించి మాట్లాడాలి. అప్పటికి రెండేళ్ళుగా షేర్‌మార్కెట్ పడిపోయి చాలామంది రిటైర్మెంట్ డబ్బు సగమైంది. కంపెనీ అధిపతుల ఉత్తరాలంటే అందరికీ మంటగా ఉంది. "అవి ఎలా రాస్తారో మీరే చెప్పండి" అని అన్నయ్యగారిని పట్టుకున్నారు. మే నెలకు ఆయన ఒప్పుకున్నారు, పాత రిపోర్టులు కావలసింది అందుకే. ఒప్పుకోవడానికి ఇంకో కారణం ఉందని వదిన నాకు చెప్పింది. ఇల్లు అమ్మేశారు. జూన్ 13న, పద్దెనిమిది వందల మైళ్ళ దూరంలో చాండ్లర్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నారు. ఆ అమ్మాయి అక్కడ చిప్‌లు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజనీరు.

"మళ్ళీ ఇటు రావడం అంటూ ఉండదు వదినా. ఇద్దరికీ డెబ్బై దాటాయి. మీవారు ఆ శనివారం వచ్చి ఎదురుగా కూర్చుని అడిగితే, మా ఆయన చెబుతారట. రమ్మని మీరు చెప్పండి. నేను చెబితే బాగుండదు."

శుక్రవారం దాకా రెండు రోజులు నా చేతిలో ఉన్నాయి కాబట్టి పన్నెండు ఉత్తరాలూ వరసగా చదివాను. నేను ముప్పయి ఏళ్ళు కౌంటీ ఆరోగ్య శాఖలో జనన మరణాల పట్టికలు చూశాను. ఏ ఏటికా ఏడు చూస్తే ఏమీ తెలియదని, ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడాలని నాకు అలవాటు. ఒక కాగితం మీద అడ్డంగా సంవత్సరాలు, నిలువుగా ఉత్తరంలో చెప్పిన విషయాలు రాసుకున్నాను.

1973 ఉత్తరం ఒకే పేజీ. అధ్యక్షుడు తనే రాసింది. ఒక రకం యంత్రంలో ఫ్యాను తప్పు చోట పెట్టామనీ, అవి వేడెక్కుతున్నాయనీ, వెనక్కి తెప్పించి బాగుచేస్తున్నామనీ రెండో వాక్యంలోనే ఉంది. ఇంజనీరు ఇంకొక ఇంజనీరుతో మాట్లాడినట్టు ఉంది. 1975 నుంచి భాష మెత్తబడింది. 1978 నుంచి రంగుల బొమ్మలు వచ్చాయి. లాభం వచ్చిన ఏడు "మేము సాధించాం" అని ఉంటుంది. తగ్గిన ఏడు "పరిస్థితులు అనుకూలించలేదు" అని ఉంటుంది. ఇంతవరకు ఎవరికైనా తెలిసేదే. నన్ను ఆపింది 1983 ఉత్తరం, 1984 మొదట్లో వచ్చింది, గరాజ్‌లో చదవమన్నది అదే. అంతకుముందు ప్రతి ఏడూ దేశం మొత్తంలో తమ యంత్రాలు ఎన్ని పనిచేస్తున్నాయో ఒక అంకె ఇచ్చేవారు. 1983లో ఆ అంకె లేదు. ఆ చోట కొత్త ఆఫీసు భవనం బొమ్మ ఉంది, ముందు ఫౌంటెన్‌తో.

మా ఆఫీసులో పట్టికలోంచి ఒక గడి తీసేస్తే కింద చుక్క పెట్టి ఎందుకు తీసేశామో రాయాలి. రాయకపోతే పై ఆఫీసు నుంచి వెనక్కి వస్తుంది. ఇక్కడ చుక్క లేదు. ఉత్తరంలోని మిగతా అంకెలను వెనక పేజీల్లోని లెక్కలతో సరిచూశాను. ఒక్క తప్పు లేదు. నాలుగో పేరాలో, ఒక పెద్ద వాక్యం చివర, కొందరు వినియోగదారులు చిన్న యంత్రాలను పరిశీలిస్తున్నందున కొన్ని ఆర్డర్లు వాయిదా పడ్డాయనీ, దీన్ని కంపెనీ గమనిస్తోందనీ ఉంది. కంపెనీని ముంచింది సరిగ్గా అదే. అంటే చెప్పలేదని అనడానికి లేదు. చెప్పారనడానికీ నాకు నోరు రాలేదు. తప్పు లెక్క నాకు తెలుసు, దాన్ని పట్టుకోగలను. అన్ని అంకెలూ సరిగ్గా ఉండి మొత్తం మాత్రం వేరేలా ఉండడం నేను ఎప్పుడూ చూడలేదు.

గురువారం అన్నయ్యగారికి ఫోన్ చేసి అడిగేశాను. ఆయనతో నేను మామూలుగానే మాట్లాడతాను.

"1983లో యంత్రాల సంఖ్య ఎందుకు తీసేశారండీ?"

"అమ్మా, అది పట్టుకున్నావా! అప్పుడు నువ్వు చదివి ఉంటే బాగుండేది" అన్నారు. తరువాత వాళ్ళు ఉత్తరం ఎలా తయారుచేసేవారో చెప్పారు. "మా అధ్యక్షుడికి అత్తగారు ఉండేది. ఆవిడ దగ్గర కొన్ని షేర్లుండేవి. నేను రాసిన ప్రతిని ఆయన ఆదివారం ఆవిడకు పైకి చదివి వినిపించేవాడు. ఆవిడ ఎక్కడ ఆపి ప్రశ్న అడిగితే అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టుకుని సోమవారం నా దగ్గరికి తెచ్చేవాడు."

"ఆవిడ ప్రశ్నకు జవాబు కలిపేవారా?"

"లేదమ్మా. ప్రశ్న రాకుండా తిరగరాసేవాణ్ణి. ఆ ఏడు యంత్రాల సంఖ్య దగ్గర 'అయ్యో, తగ్గిందేం?' అందిట. మరుసటి వారం అంకె తీసేసి భవనం గురించి రాశాను. 'ఫౌంటెన్ బాగుంటుంది' అందిట."

"మరి నాలుగో పేరా?"

"అది మీ ఆయన కోసమే పెట్టాను. చదవమన్నాను కదా. సరిగ్గా చదివితే కనిపించేది" అన్నారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మావారికి ఈ మాటా, లైబ్రరీకి రమ్మన్న మాటా చెప్పాను. చెప్పాలో వద్దో నాకు తెలియలేదు. వింటే మనసు కరుగుతుందనుకున్నాను. ఆయన చేతిలో ముద్ద కంచంలో పెట్టేశారు.

"నాకోసం పెట్టాడా? అంటే మునిగిపోతుందని వాడికి ముందే తెలుసన్నమాట."

"మీకు చెప్పడానికే పెట్టానంటున్నారు కదా."

"తెలిసినవాడు చెబుతాడు. నాలుగో పేరాలో దాచిపెట్టి వెతుక్కోమంటాడా? దొంగాట ఆడుకోవడానికా?" చెయ్యి కడుక్కోవడానికి లేచి, వెనక్కి తిరిగారు. "వస్తాను. ఆ శనివారం వచ్చి అడుగుతాను."

వస్తానన్నారని నేను సంతోషించాలో భయపడాలో అర్థం కాలేదు. వదినకు మాత్రం "వస్తున్నారు" అని ఒక్క మాట చెప్పాను.

మే 10న లైబ్రరీ గది నిండిపోయింది. అధ్యక్షత వహించినాయన ఆనకట్టల ఇంజనీరుగా చేసి రిటైరైనవారు, కుర్చీల వరసలు కూడా ఆయనే సర్దారు. అన్నయ్యగారు టై కట్టుకొచ్చారు. మా పన్నెండు నివేదికలూ బల్ల మీద పేర్చి, ఒక్కొక్కటే ఎత్తి చూపిస్తూ మాట్లాడారు. బాగా మాట్లాడారు. మొదటి రోజుల్లో అధ్యక్షుడు వాటాదారులందరినీ పేరుపేరునా ఎరిగినవాడనీ, అప్పుడు ఉత్తరంలో ఏదీ దాచాలన్న ఆలోచనే రాలేదనీ చెప్పారు. వాటాదారులు వేలమంది అయ్యాక, ఎవరు చదువుతారో తెలియక, ఎవరికీ గుచ్చుకోని ఉత్తరం రాయడం మొదలైందన్నారు. అత్తగారి సంగతి చెప్పినప్పుడు గది గొల్లుమంది.

"అయితే మా రిటైర్మెంట్ ఖాతాలు, ఆ నాలుగొందల ఒక్కట్లు, అన్నీ ఏదో ఒక అత్తగారు మింగేసిందన్నమాట!" అని వెనక నుంచి ఒకావిడ అంది.

"మా కాలంలో ఒక్క అత్తగారేనండీ. ఇప్పుడు ఆ పనికి పెద్ద పెద్ద సంస్థలు ఉన్నాయి" అన్నారు అన్నయ్యగారు.

ప్రశ్నలు మొదలయ్యాయి. ముందు రెండు వరసలు అడిగాక మావారు లేచారు. అన్నయ్యగారి వైపు చూడకుండా ఆనకట్టల ఇంజనీరు వైపు తిరిగారు.

"అధ్యక్షా, వక్తగారిని ఒకటి కనుక్కోండి. 1983 ఉత్తరంలో నాలుగో పేరా."

"ఆయన మీ ఎదురుగానే ఉన్నారు కదండీ, అడగండి" అన్నాడు పాపం ఆయన. ఆయనకు సంగతి తెలియదు. మిగతా గదికంతా తెలుసు.

మావారు గొంతు సవరించుకున్నారు. "చిన్న యంత్రాల గురించి ఆ వాక్యం. అది నేను చూడాలని పెట్టారా, చూడకూడదని అక్కడ పెట్టారా?"

అన్నయ్యగారు ఆ నివేదిక తీశారు, పేజీ తెరిచారు, మళ్ళీ మూశారు. "మా లాయరు అది ఉండి తీరాలన్నాడు. అధ్యక్షుడు పైన వద్దన్నాడు. నాలుగో పేరాలో పెడితే ఇద్దరూ బాగుందన్నారు."

"నేనడిగింది అది కాదు."

"నిన్ను దృష్టిలో పెట్టుకునే పెట్టాను" అన్నారు అన్నయ్యగారు.

"అయితే నీకు తెలుసు."

పదిహేడేళ్ళ తరువాత మావారు ఆయన్ని 'నువ్వు' అంటూ నేరుగా అన్న మొదటి మాట అది.

"తెలుసు" అన్నారు అన్నయ్యగారు.

"ఏం తెలుసు?" అని వెనక వరసలోంచి వదిన గొంతు వినిపించింది. నేను తిరిగి చూసేసరికి లేచి నిలబడి ఉంది. "తెలిస్తే మనవి ఎందుకు అమ్మలేదు? ఒక్కటి కూడా అమ్మలేదు కదా! అమ్మాయి చదువుకని దాచింది కూడా ఆ ఏడే తెచ్చి అందులో పెట్టారు. అమ్మాయి లోన్లు తీసుకుని చదువుకుంది."

"నువ్వు కూర్చో" అన్నారు అన్నయ్యగారు.

"కూర్చోను. తెలివిగలవాడు అనిపించుకోవడానికి ఇన్నేళ్ళూ దొంగ అనిపించుకున్నారు. నాకెందుకీ గొడవ అని ఊరుకున్నాను. ఇంకెన్నాళ్ళు?"

ఈ సంగతి నాకు తెలియదు. వదినతో నేను వారానికి మూడుసార్లు మాట్లాడతాను. వాళ్ళకూ షేర్లు ఉండేవని తెలుసు, కంపెనీలో పనిచేసేవాళ్ళందరికీ ఉంటాయి. అయితే అన్నయ్యగారు అవి సమయానికి అమ్ముకునే ఉంటారని అందరిలాగే నేనూ అనుకున్నాను. మావారూ అదే అనుకున్నారు. ఆ పదిహేడేళ్ళ మౌనానికి పునాది అదే.

అన్నయ్యగారు టై ముడి కొంచెం వదులు చేసుకున్నారు. ఆయన మాట్లాడింది మావారితోనే, కానీ చూపు మాత్రం బల్ల మీదే ఉంది.

"మొదటి పేరా ఆ ఫిబ్రవరిలో ఎన్నిసార్లు తిరగరాశానో నాకే తెలియదు. ఒక మాట అన్నిసార్లు రాస్తే ఎవడైనా నమ్ముతాడురా. నాలుగో పేరాది లాయరు వాక్యం. నేను దాంట్లో కామాలు సరిచేశాను, అంతే."

"మరి నాకోసం పెట్టానన్నావు?"

"తర్వాత అలా అనిపించింది. చాలాసార్లు అనిపించింది. ఇప్పుడు అదే నిజమేమో అనిపిస్తుంది."

"మరి గరాజ్‌లో ఉత్తరం చదువు, ఉత్తరం చదువు అని రెండుసార్లు ఎందుకన్నావు?"

అప్పుడు అన్నయ్యగారు తలెత్తి చూశారు. కోపంగానే చూశారు. "బాగా రాశాననుకున్నాను కాబట్టి! అన్ని ఉత్తరాల్లోకీ అది బాగా కుదిరింది. సంతకం వాడిది, పేరు వాడిది. నేను రాశానని నీకు తెలుసు. చదివి బాగుందని ఒక మాట అంటావనుకున్నాను. షేర్ల గురించే అడుగుతావు గానీ ఉత్తరం ఎలా ఉందో ఒక్కడూ చెప్పడేం!"

"బాగుందిరా" అన్నారు మావారు. "బాగుంది కాబట్టే కొన్నాను."

ఎవరో కిసుక్కుమన్నారు, తరువాత గదంతా నవ్వింది. అప్పట్లో పెళ్ళిచూపుల మాట అన్న డాక్టరు కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. ఇద్దరు మాత్రం నవ్వలేదు. మావారు కూర్చున్నారు. ఆనకట్టల ఇంజనీరు గబగబా వందన సమర్పణ చేసేసి కాఫీలు ఇప్పించారు. కాఫీల దగ్గర మావారూ అన్నయ్యగారూ చెరో గోడ పక్కన నిలబడ్డారు.

ఇంటికి వచ్చేటప్పుడు కారు నేనే డ్రైవ్ చేశాను. మావారు చాలాసేపు కిటికీలోంచి చూశారు.

"ఏది నిజమంటావు?" అన్నారు చివరికి.

"దేని గురించి?"

"నాకోసం పెట్టానన్నాడు. లాయరు పెట్టించాడన్నాడు. తనే నమ్మేశానన్నాడు. పది రోజుల్లో మూడు చెప్పాడు. లెక్కలు చూసేదానివి కదా, నువ్వు చెప్పు."

నేను ఎర్రలైటు దగ్గర ఆగి ఆలోచించాను. నాకు తేలలేదు. తెలిసి చెప్పకపోతే ద్రోహం. తెలియకపోతే అమాయకత్వం. రాసినవాడే రాస్తూ రాస్తూ నమ్మేస్తే దాన్ని ఏ గడిలో వేయాలి? ఇంటికెళ్ళి ఆ ఉత్తరం మళ్ళీ చదువుదామంటే, నివేదికలన్నీ అన్నయ్యగారి దగ్గరే ఉండిపోయాయి.

"దొంగ అనుకున్నప్పుడే సుఖంగా ఉంది" అన్నారు మావారు. "దొంగ మీద కోపం ఉంచుకోవచ్చు. ఇప్పుడు ఎవరి మీద పెట్టుకోను?"

ఆ తరువాత ఒక నెల ఆయన ఆ విషయం ఎత్తలేదు. ఫోన్ చేయలేదు, వెళ్ళలేదు. వదిన అడిగింది, "ఏమంటున్నారు?" అని. "ఏమీ అనడం లేదు" అన్నాను. వదిన తాను లేచి మాట్లాడడం తప్పయిందేమో అనడం మొదలుపెట్టింది. అన్నయ్యగారు ఇంట్లో ఆమెతో కూడా సరిగ్గా మాట్లాడడం లేదట. నలుగురిలో తన తెలివితక్కువతనం బయటపెట్టిందని ఆయన బాధ. దొంగగా చాండ్లర్ వెళ్ళడానికి ఆయనకు అభ్యంతరం లేకపోయింది, మోసపోయినవాడిగా వెళ్ళడమే కష్టంగా ఉందట. ఇది విని నాకు ఇంకా తికమక అయింది. నేనైతే రెండోదే కోరుకునేదాన్ని.

జూన్ 12, గురువారం. సామాన్ల లారీ పొద్దున తొమ్మిదికి వస్తుందని వదిన చెప్పింది. దారిలో తినడానికి పులిహోర కలిపి డబ్బాలో సర్దుతుంటే మావారు బూట్లు వేసుకుని వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు.

"ఎక్కడికి?" అన్నాను.

"అడగాల్సింది ఒకటి మిగిలింది" అన్నారు.

మేము వెళ్ళేసరికి ఇల్లు సగం ఖాళీ అయింది. అన్నయ్యగారు గరాజ్ ముందు ఒక అట్టపెట్టె మీద కూర్చుని కూలీలను గమనిస్తున్నారు. మావారు వెళ్ళి పక్క పెట్టె మీద కూర్చున్నారు. నేను డబ్బా పట్టుకుని వాళ్ళ పక్క నుంచే లోపలికి వెళ్ళాలి. వెళ్ళకుండా ఆగిపోయాను.

"ఆ పెట్టెలో గాజు సామాను ఉందిరా" అన్నారు అన్నయ్యగారు.

మావారు లేచి ఇంకో పెట్టె మీదకు మారారు. "నిజం చెప్పు. ఆ ఏడు నీకు తెలుసా, తెలియదా?"

"ఎన్నిసార్లు చెప్పమంటావు?"

"ఒక్కసారి చెప్పు. ఇప్పటికి మూడు రకాలుగా చెప్పావు."

అన్నయ్యగారు ఆయన వైపు తిరిగారు. "ఏది చెబితే నువ్వు చాండ్లర్ వస్తావో చెప్పు. అదే రాసి పంపిస్తాను."

వేళాకోళం అనుకున్నాను. కానీ ఆయన ముఖంలో నవ్వు లేదు. అలవాటుగా వచ్చేసిన మాట అది. ఎదుటివాడికి ఏది నచ్చుతుందో ముందు కనుక్కుని, తరువాత దానికి సరిపడా వాక్యం కట్టడం. పదేళ్ళు చేసిన ఉద్యోగం.

మావారికి కూడా అది తగిలినట్టుంది. "రాయకు" అన్నారు. "రాసింది చాల్లే. నీకు ఎలా వస్తే అలా చెప్పు."

అన్నయ్యగారు నోరు తెరిచారు, ఏదో మొదలుపెట్టారు, ఆపేశారు. మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ ఆపేశారు. ఆయన మాట తడబడడం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

"తెలియదురా" అన్నారు చివరికి. "తెలుసో తెలియదో కూడా నాకు తెలియదు."

దాన్ని నేను ఏ పట్టికలోనూ వేయలేను. పదేళ్ళు దాటింది, ఇప్పటికీ వేయలేదు. మావారు మాత్రం తల ఊపారు, ఆయనకు అది సరిపోయినట్టు. ఎందుకు సరిపోయిందో తరువాత అడిగితే, "వాడు సర్దకుండా చెప్పిన మొదటి మాట అది" అని మాత్రం అన్నారు.

"రేపు ఎంతదాకా డ్రైవ్ చేస్తారు?" అని అడిగారు మావారు.

"ఓక్లహోమా దాకా అనుకుంటున్నాం."

"నీ కళ్ళతోనా? వదినను డ్రైవ్ చేయనీ."

"నా కళ్ళకేమైందిరా?"

లోపలి నుంచి కేక వినిపించింది. కూలీలు సోఫాను ముందు గుమ్మంలో ఇరికించేశారు. ఇద్దరూ ఒకేసారి లేచి వెళ్ళారు. ఒకాయన ఎడమకు తిప్పమన్నారు, ఒకాయన కుడికి తిప్పమన్నారు. కూలీలు తెలుగు రాక ఇద్దరి వైపూ మార్చి మార్చి చూస్తున్నారు. నేను పులిహోర డబ్బా పట్టుకుని గరాజ్ తలుపులోంచి లోపలికి వెళ్ళాను. ఖాళీ వంటింట్లో వదిన ఒక్కతే నిలబడి గుమ్మం వైపు చెవి పెట్టి వింటోంది.